బండలవాగు దాటించిన తల్లి

గుబ్బలగుట్ట మరియమాత పుణ్యక్షేత్రం వేములదిన్నె విచారణకు, అంటే అక్కడి కతోలిక సంఘానికి, ఉత్తరాన ఏడు మైళ్ళ దూరంలో, బండలవాగు ఆవలి ఒడ్డున ఉన్నది. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల నడుమ మట్టిదారిన అరగంట నడిస్తే వాగు వస్తుంది. వాగు దాటగానే గుట్ట మొదలు. మెట్లు నూట పధ్నాలుగు. పైన పెంకుల గుడి, ముందు రాతి సిలువ, ఎడమ పక్కన రెండు వేపచెట్లు. గుడి లోపల నలభైమంది మోకరిస్తే ఇక చోటుండదు. అందుచేత పండుగనాటి దివ్యబలిపూజ ఆరుబయటనే జరుగుతుంది.

పీఠం మీది స్వరూపం మూడడుగుల ఎత్తు, టేకుచెక్కతో మలచినది. దేవమాత నేతచీర కట్టుకుని, చెంగు నడుముకు బిగించి, కుచ్చెళ్ళు మోకాలి దిగువకు ఎగగట్టి, బాలయేసును ఎడమ చంకన ఎత్తుకుని ఉంటుంది. పాదాల కింద మేఘాలు గాని, చంద్రవంక గాని ఉండవు. పారే నీరు చెక్కి ఉంటుంది. బిషపుగారి మేత్రాసనం దస్తావేజుల్లో ఈ గుడి పేరు సహాయమాత దేవాలయం. జనం నోట మాత్రం 'దాటించిన తల్లి' అనే పేరే నిలిచింది. ఆ పేరు ఎలా వచ్చిందో వేములదిన్నె పెద్దలు చెప్పగా విన్నది విన్నట్టు ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గుట్ట నెత్తిన గొడుగులా ముందుకు చొచ్చుకువచ్చిన ఒక రాతి కింద గొర్రెలకాపరులు వానకు తలదాచుకునేవారు. ఒక వేసవిలో, ఊరూరా తిరిగి క్రీస్తు వేదం చెప్పే విదేశీ గురువొకరు గుర్రం కుంటుపడగా ఈ దారిన నడుస్తూ వడదెబ్బకు సొమ్మసిల్లిపోయారు. కాపరులే ఆయనను ఆ రాతి నీడకు మోసుకుపోయి, మేకపాలు పట్టి బ్రతికించారట. గడ్డం బొడ్డు దాకా ఉండేది కనుక జనం ఆయనను గడ్డపు స్వాములవారు అనేవారు. ప్రాణం దక్కిన చోటు దేవమాతకే చెందాలని ఆయన పుదుచ్చేరి నుండి చేతులు జోడించిన చిన్న మట్టి స్వరూపం తెప్పించి ఆ రాతి కింద నిలిపారు. అది మొదలు ఏటా సెప్టెంబరు ఎనిమిదిన, మరియమ్మ పుట్టిన పండుగనాడు, వేములదిన్నె విశ్వాసులు తెల్లవారగానే జట్టుగా బయలుదేరి, ఇక్కడ పూజలో పాల్గొని, పొద్దుగూకేలోపు ఇళ్ళు చేరేవారు.

యాత్ర ఒకటే గాని నడక రెండుగా సాగేది. ముందు సిలువ, సిలువ వెనుక ఊరివారు, ఆ తరువాత ఒక చేను పట్టేంత ఎడం వదిలి పల్లెవారు. ఊరివారంటే భూములున్నవారు, పల్లెవారంటే ఆ భూముల్లో కూలికి పోయేవారు. జపమాల అందరిదీ ఒకటే. ముందువారు సగం జపం చెబితే వెనుకవారు తక్కిన సగం అందుకునేవారు. నీళ్ళకుండలు మాత్రం వేరు, కూర్చునే నీడలు వేరు. వాగు దగ్గర రేవులు కూడా రెండు. పై రేవులో చదునైన బండలు వరుసగా ఉండేవి. చీలమండలు తడిస్తే చాలు, ఆవలికి చేరవచ్చు. అది ఊరివారిది. దానికి డెబ్బై గజాల దిగువన ఉన్న కింది రేవులో తొడల దాకా నీరు, కాలికింద జారే గులకరాళ్ళు, నడిమధ్యన ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద బండ. అది పల్లెవారిది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. అడిగినవారు కూడా లేరు.

నూరేళ్ళకు పైబడిన మాట. పల్లెలో శౌరమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త రాయప్ప దూరాన రోడ్డు పనిలో కంకర కొడుతూ నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళకు వారికి ఒక మగబిడ్డ పుట్టాడు. జోజి అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడు ఆషాఢంలో, ఏడాదిన్నర వయసున్న జోజికి జ్వరం తగిలింది. మూడోనాటికి బిడ్డ కళ్ళు తెరవడం మానేశాడు. శౌరమ్మ పల్లెలోని ప్రార్థన పాకలో మోకరిల్లి మొక్కుకున్నది. "తల్లీ, నా బిడ్డ లేచి తిరిగితే పండుగనాటికి చంకనెత్తుకుని నీ గుట్ట ఎక్కుతాను. పైకి చేరేదాకా కిందికి దించను."

ఐదోనాడు జ్వరం ఇంకా ముదిరింది. వైద్యుడున్న బస్తీ పది మైళ్ళ దూరం. శౌరమ్మ ఊళ్ళోకి పోయి, భూవసతి గల పెద్దమనిషి ఇన్నయ్యగారి వాకిట నిలబడి బండి అడిగింది. ఇన్నయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఎడ్లు దుక్కికి పోయినయ్యి," అన్నారాయన. "రేపు పొద్దున చూద్దాంలే, పో."

తలుపు వెనుక ఆయన కోడలు తెరేజమ్మ తన చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉన్నది. శౌరమ్మ తిరిగివచ్చి, బిడ్డను పాతచీరలో చుట్టుకుని కాలినడకన బయలుదేరింది. మూడో మైలురాయి దగ్గర చంకనున్న బిడ్డ బరువు మారింది. ఆ సంగతి తల్లికి వేరొకరు చెప్పనక్కరలేదు. ఆమె అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, అదే చంకన ఇంటికి మోసుకువచ్చింది.

పండుగ వారం ఉందనగా శౌరమ్మ ఉపదేశి చిన్నప్ప ఇంటికి వెళ్ళింది. గురువులు లేని రోజుల్లో పల్లెలో ప్రార్థనలు నడిపించేది, మంచిచెడ్డలు చెప్పేది ఆయనే.

"ఉపదేశిగారూ, నా మొక్కు ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగింది.

చిన్నప్ప ఆమెను కూర్చోమన్నాడు. "బిడ్డ లేచి తిరిగితే అన్నావు గదమ్మా. తిరగలేదాయె. నీ మాట నీకు తిరిగొచ్చినట్టే. ఇంక మొక్కేముంది?"

"ఎత్తుకుని గుట్టెక్కుతానని ఆ తల్లితో అన్నాను. ఆమె వినే ఉంటది."

"ఏం ఎత్తుకుని పోతావు, శౌరమ్మా?"

"పోవటమైతే పోతాను," అని చెప్పి శౌరమ్మ లేచింది. పండుగకు ఇంటికి వచ్చిన రాయప్ప కూడా వద్దన్నాడు. అందరూ పిల్లలతో వస్తారు, చూసి తట్టుకోలేవన్నాడు. "ఇంట్లో కూర్చుంటే మటుకు ఏం చూస్తాను?" అన్నది శౌరమ్మ. ఇక అతడు కాదనలేదు.

ఆ ఏటి పండుగనాడు జట్టులో నూట యాభైమందికి పైగా నడిచారు. పైన మబ్బు లేదు. ఉత్తరాన కొండల మీద మాత్రం ముందురోజు సాయంత్రం నుండి నల్లగా కమ్ముకుని ఉన్నది. తడిసిన జొన్నచేల వాసన మధ్య జపమాల ముందునుండి వెనక్కి, వెనకనుండి ముందుకు సాగుతున్నది. శౌరమ్మ పల్లెవారిలో నడుస్తున్నది. అలవాటుకొద్దీ ఎడమ చేయి మాటిమాటికీ నడుము మీదికి పోతుంటే, దానికి పని కల్పించడానికి పొరుగింటి మార్తమ్మ చద్దిమూట అడిగి తీసుకున్నది. మార్తమ్మకు ఇద్దరు పిల్లలు. చంకన ఒకరు, చెంగు పట్టుకుని ఒకడు. ఆమె ఏదో ఓదార్పు చెప్పబోయి, శౌరమ్మ ముఖం చూసి జపంలో గొంతు కలిపింది.

ముందు నడిచేవారిలో తెరేజమ్మ ఉన్నది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కలిగిన కూతురు రోజాలికి అప్పటికి పదకొండు నెలలు. బిడ్డను స్వరూపం పాదాల వద్ద పడుకోబెట్టి కృతజ్ఞత చెల్లించుకోవాలని, పసుపుపచ్చని కొత్త శాలువలో చుట్టి ఎత్తుకువస్తున్నది. వెనుక మామ ఇన్నయ్యగారు, పక్కన భర్త.

వాగు చేరేసరికి బారెడు పొద్దెక్కింది. మామూలుగా ఊరివారు దాటడం పూర్తయ్యాక గాని పల్లెవారు నీళ్ళలో దిగేవారు కారు. ఆ రోజు ఉపదేశి చిన్నప్ప కొండలవైపు చూసి, "ఆలస్యం చేయొద్దు. అందరూ ఒకేసారి దిగండి," అని హెచ్చరించాడు. అందుచేత రెండు రేవుల్లోనూ జనం ఒకేసారి దిగారు. సగంమంది ఆవలి గట్టు ఎక్కారు. చేతులు ఖాళీగా ఉన్నాయి కనుక శౌరమ్మ పిల్లలున్నవారి మూటలు నెత్తిన పెట్టుకుని దాటించి, మళ్ళీ వెనక్కి వస్తూ నడిమధ్యన ఏనుగుబండ పక్కన ఉన్నది.

ముందు చప్పుడు వినిపించింది. దూరాన ఎవరో బండెడు రాళ్ళు కుమ్మరించినట్టు. తరువాత చల్లటి గాలి వీచింది. ఆ వెంటనే ఎర్రమట్టి రంగు నీరు, ఆకులనూ పుల్లలనూ నురగనూ ముందుకు నెట్టుకుంటూ నడుమెత్తున వాగు మలుపు తిరిగింది. పై రేవు బండలు చూస్తుండగానే మునిగిపోయాయి. ఆఖరి బండ మీద ఉన్న తెరేజమ్మ కాలు జారింది. భర్త చేయి అందుకుని గట్టుకు లాగాడు. ఆమె దక్కింది గాని, బిడ్డ ఆమె చేతుల్లో లేదు.

శౌరమ్మ అప్పటికే ఏనుగుబండను కావలించుకుని నిలదొక్కుకుంటున్నది. నీరు రొమ్ముల దాకా వచ్చింది. ఎగువ నుండి పసుపుపచ్చనిదేదో తేలుతూ మునుగుతూ వస్తున్నది. అది బిడ్డ అని తెలియగానే ఒక చేయి బండను వదిలేసి చాచింది. గుడ్డ అంచు వేళ్ళకు తగిలింది. పట్టుకుని తనవైపు లాక్కున్నది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు, మోచేతులు, మోకాళ్ళు చెక్కుకుపోగా బండ మీదికి పాకింది. బిడ్డను బోర్లా తిప్పి వీపు మీద తట్టింది. రెండోసారి, మూడోసారి తట్టింది. నోటినుండి నీరు కారింది. ఏడుపు వినిపించింది.

అప్పుడు గాని ఆమె ఆ శాలువ వంక, ఆ ముఖం వంక సరిగ్గా చూడలేదు.

ఆ క్షణంలో తనకు కలిగినదాన్ని శౌరమ్మ తరువాతి కాలంలో ఎవరి దగ్గరా దాచలేదు. "ఎవరి బిడ్డో తెలిసినప్పుడు నా చెయ్యి బరువెక్కింది. మూడో మైలురాయి కళ్ళ ముందుకొచ్చింది. అంతలో పిల్ల నా మెళ్ళో దారం పట్టుకున్నది. ఇంక నాకేం గుర్తులేదు," అని చెప్పేది.

వాగు రెండు గట్లనూ ఒరుసుకుని పారుతున్నది. మధ్యన బండ మీద శౌరమ్మ, బిడ్డ. బండ కూడా జానెడు తప్ప మునిగింది. జట్టు రెండుగా చీలిపోయింది; అయితే ఎప్పుడూ చీలే తీరున కాదు. ఈ గట్టున కొందరు ఊరివారు, కొందరు పల్లెవారు. ఆ గట్టునా అంతే. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. రాయప్ప నీళ్ళలోకి దూకబోతే నలుగురు కలిసి పట్టి ఆపారు. వారిలో ఇద్దరు ఇన్నయ్యగారి అన్నదమ్ముల కొడుకులు. తలపాగాలు, పైపంచలు ముడివేసి తాడుగా విసిరారు. అది సగానికైనా అందలేదు. ఉపదేశి చిన్నప్ప ఇవతలి గట్టున మోకరించి జపమాల ఎత్తుకున్నాడు. అవతలి గట్టునుండి తక్కిన సగం అందుకున్నారు. హోరులో ఆ గొంతులు వినిపించీ వినిపించకా ఉన్నాయి.

గంట గడిచింది. రోజాలి ఆకలికి గుక్కపట్టి ఏడవసాగింది. శౌరమ్మ గట్టువైపు చూసింది. తెరేజమ్మ నీటి అంచున బురదలో కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నది. మాట అందే దూరం కాదు. శౌరమ్మ తన రొమ్మును చూపించి, అడుగుతున్నట్టు తల పంకించింది. కూలిమనిషి పాలు ఊరివారి బిడ్డ తాగడం ఆ కాలంలో కనీవినీ ఎరుగని సంగతి. తెరేజమ్మ మామవైపు చూడలేదు, మగనివైపు చూడలేదు. అవునన్నట్టు మూడుసార్లు తల ఊపింది.

జోజి పోయి అప్పటికి రెండు నెలలు. పాలు ఇంకిపోయాయనే శౌరమ్మ అనుకున్నది. బిడ్డ నోరు ఆనగానే మొదట నొప్పి, ఆ తరువాత పాలు వచ్చాయి. జోజిని సమాధి చేసిన నాటినుండి ఏడవని శౌరమ్మ, ఆ బండ మీద, ఇరువైపులా అంతమంది చూస్తుండగా, పరాయి బిడ్డకు పాలిస్తూ ఏడ్చింది.

ఆవలి గట్టున ఉన్నవారిలో కొందరు, శౌరమ్మ వెనుక ఇంకొక స్త్రీ నిలబడి ఆమె భుజాలు పట్టుకుని ఉండగా చూశామని చెప్పారు. ఇవతలి గట్టువారికి అలాంటిదేమీ కనిపించలేదు. శౌరమ్మను అడిగితే, "వీపున చెయ్యి ఆనినట్టు ఉండె. గాలేమో, నీళ్ళేమో, నేను వెనక్కి తిరిగి చూడలా," అన్నది. కతోలిక తిరుసభ ఈ విషయంలో ఏ తీర్పూ చెప్పలేదు. మేమూ చెప్పబోము.

మిట్టమధ్యాహ్నం దాటుతుండగా వాగు తీసింది. వచ్చినంత వేగంగానే దిగిపోయింది. ఇరువైపుల నుండి మగవారు చేతులు కలిపి దండలా నీళ్ళలో దిగారు. రాయప్ప మొదట చేరుకుని భార్యను దింపాడు. వారు గుట్టవైపు గట్టుకే చేరారు. తెరేజమ్మ పరుగున వచ్చి బిడ్డ ముఖం, చేతులు, కాళ్ళు తడిమి చూసుకుని, ఎత్తుకోవడానికి చేతులు చాచింది. శౌరమ్మ బిడ్డను అందించలేదు.

"అమ్మగారూ," అన్నది. "నాకొక మొక్కున్నది. బిడ్డను చంకనెత్తుకుని గుట్టెక్కుతాను, మధ్యలో దించనని. నా బిడ్డతో తీరలేదు. పైదాకా నన్ను మోయనియ్యండి. అక్కడ మీ చేతుల్లోనే పెడతాను."

పాలు పట్టడమంటే ఆపద్ధర్మం. నలుగురి కళ్ళముందు, ఊరేగింపులో, ఊరివారి బిడ్డను పల్లె మనిషి పూజ దగ్గరికి మోసుకుపోవడం వేరు. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఇన్నయ్యగారు నేల చూస్తున్నారు. తెరేజమ్మ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. బిడ్డ దక్కినా చేతికి రాలేదు. ఆ చేతులు ఎంత బోసిగా ఉంటాయో అప్పుడామెకు తెలిసి ఉంటుందని పెద్దలు చెబుతారు.

"మోయి అక్కా," అన్నది తెరేజమ్మ.

ఊరి ఇల్లాలు పల్లె మనిషిని అక్కా అనడం అందరూ విన్నారు. ఆమె అంతటితో ఆగలేదు. పక్కన మార్తమ్మ పెద్దకొడుకు, నాలుగేళ్ళవాడు, వరదలో అరికాలు కోసుకుని, రక్తం కారుతుంటే ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. తెరేజమ్మ వాడి ముక్కు తన చెంగుతో తుడిచి, ఎత్తుకుని చంకన వేసుకున్నది. మార్తమ్మ "వద్దమ్మా, బురదగా ఉన్నాడు" అంటుండగానే నడక మొదలుపెట్టింది. ఆ వెనుక శౌరమ్మ. వారి వెనుక తక్కినవారు, ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ.

అప్పటికి మెట్లు లేవు, కాలిబాటే. సగం ఎక్కాక ఇన్నయ్యగారు చెప్పులు విడిచి, గబగబా నడిచి శౌరమ్మ పక్కకు వచ్చారు. ఆయాసపడుతున్నారు. రాయప్ప అనుమానంగా చూశాడు.

"శౌరమ్మా," అన్నారాయన. పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఆ రోజు ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి."

శౌరమ్మ నడక ఆపలేదు. బిడ్డను దించనన్న మాట ఉన్నది కదా, చంక మార్చుకుని నడుస్తూనే చెప్పింది.

"తెలుసయ్యా. మెడగంటలు వినపడ్డయ్యి."

ఆయన పైకి చేరేదాకా ఆమె పక్కనే, ఒక అడుగు వెనుకగా నడిచారు.

గడ్డపు స్వాములవారు ఉదయం నుండి ఉపవాసంతో, పూజవస్త్రాలతో ఎదురుచూస్తూ రాతినీడలో నిలబడి ఉన్నారు. వాగు హోరు ఆయనకు వినిపిస్తూనే ఉన్నది. వేళ మించినా పూజ మొదలుపెట్టలేదు. జనం బురదతో, నెత్తురుతో, ఊరూ పల్లే కలిసి ఎక్కిరావడం చూసి ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. శౌరమ్మ నేరుగా స్వరూపం ముందుకు వెళ్ళి నిలబడింది. "తల్లీ, ఎక్కాను," అని, వెనక్కి తిరిగి బిడ్డను తెరేజమ్మ చేతుల్లో పెట్టింది. ఆ తరువాత రాతికి ఆనుకుని కూలబడిపోయింది. సంగతంతా విన్నాక స్వాములవారు ఆ రోజు ప్రసంగం చెప్పలేదు. చెప్పవలసింది మీరే చేసుకువచ్చారు అన్నారట. దివ్యసత్ప్రసాదం పంచేటప్పుడు ముందు శౌరమ్మ దగ్గరికి వెళ్ళారు.

ఒక్కరోజుతో అంతా మారిపోయిందని చెబితే అది అబద్ధమవుతుంది. మరుసటి ఏడు ఊరివారిలో కొన్ని కుటుంబాలు యాత్రకు రాలేదు. తెరేజమ్మతో రెండేళ్ళు మాట్లాడని బంధువులున్నారు. అయితే ఆ మరుసటి ఏటి ఆషాఢం నుండి ఇన్నయ్యగారి బండి, ఎడ్లతో సహా, వానకాలమంతా పల్లె మొదట్లో కట్టి ఉండేది. ఎవరికి ఆపద వచ్చినా అడగకుండా కట్టుకుపోవచ్చునని ఆయన ఆజ్ఞ. ఆయన పోయాక కొడుకు, ఆ తరువాత మనుమలు, పల్లెకు ఆసుపత్రి వచ్చేదాకా దాన్ని కొనసాగించారు. యాత్రలో పై రేవు, కింది రేవు అనే మాటలు క్రమంగా పోయాయి. బండల మీదుగానే అందరూ దాటారు.

శౌరమ్మకు ఆ తరువాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రోజాలి శౌరమ్మను పెద్దమ్మా అని పిలుస్తూ పెరిగింది. కొన్నేళ్ళకు గాలివానలో మట్టి స్వరూపం పగిలిపోయింది. కొత్తది ఎలా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడు గడ్డపు స్వాములవారు బండ మీద శౌరమ్మ నిలబడిన తీరున చేయించాలన్నారు. శౌరమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "నా మొహం పీఠం మీద పెట్టొద్దు స్వామీ, పాపం చుట్టుకుంటది," అన్నది. చివరికి ఆమె చీర ఎగగట్టిన తీరు, బిడ్డను చంకనెత్తుకున్న తీరు మాత్రం చూపడానికి ఒప్పుకున్నది. వడ్రంగి ఆ రెండూ తీసుకుని, ముఖం మాత్రం తన మనసులోని దేవమాతది పెట్టాడు. పెంకుల గుడి ఆ ఏడే లేచింది.

ఇప్పుడు బండలవాగు మీద వంతెన ఉన్నది. వాహనాలు దాని మీదుగా పోతాయి. పండుగనాటి యాత్రికులు మాత్రం వంతెన పక్కగా దిగి నీళ్ళలోనుండే దాటుతారు. ఎగువన వాన పడితే దిగనివ్వరు. అప్పుడు వంతెన మీదనే ఆచారం జరుపుతారు. ఆచారం ఏమంటే, వాగు ఇవతలి ఒడ్డున బిడ్డలున్నవారు తమ బిడ్డను పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి చేతికి అందిస్తారు. తాము వేరొకరి బిడ్డను ఎత్తుకుంటారు. వాగు దాటి నూట పధ్నాలుగు మెట్లు ఎక్కి, స్వరూపం ముందు చేరాక, ఎవరి బిడ్డను వారికి అప్పగిస్తారు. మధ్యలో దించకూడదు. పైకి చేరేదాకా ఊరు అడగకూడదు, ఇంటిపేరు అడగకూడదు. పిల్లలు ఏడుస్తారు, కొత్తముఖాలకు బెదురుతారు. ఫరవాలేదు, కాసేపటికి సర్దుకుంటారు. మొదటిసారి వచ్చిన తల్లులు వెనుక నడుస్తూ తమ బిడ్డ తలను కళ్ళతో వెంబడిస్తూనే ఉంటారు. అదీ ప్రార్థనే అంటారు ఇక్కడి గురువులు. ఇతర మతాలవారు కూడా వచ్చి బిడ్డలను అందిస్తారు, అందుకుంటారు. ఎవరినీ కాదనరు.

ఈ తల్లి మధ్యవర్తిత్వాన ఎందరో సంతానం పొందారని, జబ్బుపడిన పిల్లలు కోలుకున్నారని, ఏళ్ళ తరబడి మాటలు లేని ఇళ్ళ మధ్య రాకపోకలు మొదలయ్యాయని గుడిలోని సాక్ష్యాల పుస్తకంలో వ్రాసి ఉన్నది. కోరినవన్నీ అందరికీ దక్కాయని ఆ పుస్తకం చెప్పదు. బిడ్డను పోగొట్టుకున్నవారు, బిడ్డలు కలగనివారు ఈ యాత్రకు రావడానికి వెనుకాడుతుంటారు. వారికి ఈ క్షేత్రం తరఫున ఒక మనవి. మీరు జట్టు చివర నడవనక్కరలేదు. పండుగనాడు వాగు ఒడ్డుకు వచ్చి చేతులు చాచి నిలబడండి. ఎవరో ఒక తల్లి వచ్చి తన బిడ్డను మీ చంకన పెడుతుంది.